బ్రెడ్ దొరకని చలికాలం

1945 జనవరి. హాలండ్ పడమటి జిల్లాల్లో కాలువలు గడ్డకట్టాయి. రైళ్లు నాలుగు నెలల కిందటే ఆగిపోయాయి. జర్మన్లను దెబ్బతీయడానికి రైల్వే కార్మికులు సమ్మెకు దిగితే, దానికి శిక్షగా జర్మన్ సైన్యం పట్నాలకు తిండిగింజలు పోకుండా అడ్డుకుంది. ఆమ్‌స్టర్‌డామ్, హేగ్, రాటర్‌డామ్ నగరాల్లో మనిషికి రోజుకు వెయ్యి కేలరీల తిండి కూడా అందడం లేదు. ఆడవాళ్లు టైర్లు లేని సైకిళ్లు తొక్కుకుంటూ పల్లెలకు పోయి, దుప్పట్లూ గడియారాలూ ఇచ్చి ఆలుగడ్డలు తెచ్చుకుంటున్నారు. అవీ దొరకని ఇళ్లలో తులిప్ పూల గడ్డలు ఉడకబెట్టుకున్నారు. ఆ కొన్ని నెలల్లో ఇరవై వేల మంది దాకా చనిపోయారు. డచ్ వాళ్లు ఇప్పటికీ దాన్ని 'ఆకలి చలికాలం' అనే పిలుస్తారు.

ఊరంతా చిక్కి శల్యమవుతున్న ఆ రోజుల్లోనే కొందరు రోగిష్టి పిల్లలు కోలుకున్నారు. అంతకుముందు ఏం పెట్టినా ఒంటబట్టని పిల్లలు. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై, రోజుకు నాలుగైదుసార్లు జిడ్డుగా, కంపుగా విరేచనాలు అయ్యే పిల్లలు. బ్రెడ్ సరిగా దొరకని ఆ నెలల్లో వాళ్లు నిలదొక్కుకున్నారు. తర్వాత స్వీడన్ పంపిన పిండితో కాల్చిన తెల్ల బ్రెడ్ వచ్చింది, మిత్రదేశాల విమానాలు తిండి మూటలు జారవిడిచాయి. జనం ఏడ్చుకుంటూ తిన్నారు. ఆ పిల్లలకు మాత్రం జబ్బు తిరగబెట్టింది.

దీన్ని గమనించిన వైద్యుడి పేరు విల్లెం కారెల్ డిక్కె. 1905లో పుట్టాడు. 31 ఏళ్లకే, 1936లో, హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రికి పెద్ద డాక్టరయ్యాడు. ఆ పిల్లల జబ్బును ఇప్పుడు సీలియాక్ అంటున్నాం. గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది కడుపులో పడగానే కొందరి ఒళ్లు తన పేగు మీదే యుద్ధానికి దిగుతుంది. చిన్నపేగు లోపల తుండుగుడ్డ మీది పోగుల్లా లేచి ఉండే కణజాలం అరిగి చదునైపోతుంది. తిన్నది రక్తంలోకి ఎక్కదు. ఇంత తెలిసింది చాలా తర్వాత. డిక్కె కాలానికి కారణం ఏమిటో ఎవరికీ తెలియదు, పిల్లలు చచ్చిపోవడం మాత్రం అందరికీ తెలుసు.

వెతకలేదని కాదు. 1888లో లండన్ డాక్టరు శామ్యూల్ గీ ఈ జబ్బు లక్షణాలు పూసగుచ్చినట్టు రాశాడు. నయం కావడమంటూ ఉంటే అది తిండితోనే అన్నాడు. అక్కడిదాకా బంగారం. ఆ వెంటనే ఏం పెట్టాలో చెబుతూ అన్నం, సగ్గుబియ్యం, మొక్కజొన్న పిండి పనికిరావన్నాడు. పలుచగా కోసి రెండు వైపులా ఎర్రగా కాల్చిన బ్రెడ్ పెట్టొచ్చన్నాడు! మందును గెంటేసి విషాన్ని పీటవేసి కూర్చోబెట్టడం అంటే ఇదే. ఆయన చూసిన ఒక పిల్లవాడికి రోజూ డచ్ ఆల్చిప్పల మాంసం పెడితే దివ్యంగా కోలుకున్నాడట. ఆల్చిప్పల కాలం అయిపోగానే మళ్లీ మంచం ఎక్కాడు. 1924లో న్యూయార్క్ డాక్టరు సిడ్నీ హాస్ అరటిపండ్ల వైద్యం పెట్టాడు. బ్రెడ్, బిస్కెట్లు, ఆలుగడ్డలు, ధాన్యాలు అన్నీ బందు. పిల్లలు బతికారు. గొప్పతనమంతా అరటిపండు ఖాతాలో పడింది. తప్పించినవాటిలో ఏది అసలు దొంగో ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న డిక్కెకు చలికాలం కంటే పదేళ్ల ముందే తగిలింది. ఆకలి చలికాలంలోనే అంతా కనిపెట్టేశాడని కథగా చెప్పుకుంటారు. కథకు అదే అందం కానీ, జరిగింది అది కాదు. 1930లలో ఒక తల్లి ఆయనకు చెప్పింది: బ్రెడ్ మానిపిస్తే పిల్లవాడికి గుణం కనిపిస్తోందని. ఆమె ఏ మాటలతో చెప్పిందో మనదాకా రాలేదు. మన నల్గొండ తల్లయితే ఇట్లా అనేది: "సారూ, గా బ్రెడ్డు బందు వెట్టిన. పోరడు మంచిగైండు. మల్ల వెడ్తె మల్ల మొదలైంది." ఏ డాక్టరైనా ఇలాంటి మాటకు తల ఊపి, మందు చీటీ రాసి పంపేస్తాడు. డిక్కె పంపలేదు. గోధుమ లేని తిండి పెట్టి చూడటం మొదలుపెట్టాడు. 1941లో దాని గురించి డచ్ భాషలో రాశాడు కూడా. కరువు వచ్చి ఆయన అనుమానానికి దేశమంత పరీక్ష పెట్టిపోయింది.

యుద్ధం అయ్యాక అసలు పని. నమ్మకం వేరు, రుజువు వేరు. రసాయన శాస్త్రవేత్త వాన్ డి కామర్ మలంలో కొవ్వు ఎంత పోతోందో కొలిచే పద్ధతి తయారుచేశాడు. డాక్టర్ వైయర్స్ జతకలిశాడు. పిల్లలకు కొన్నాళ్లు గోధుమ, కొన్నాళ్లు వేరే పిండి పెడుతూ, రోజురోజు మలాన్ని పట్టి, కొవ్వు తూచి, గీతలు గీశారు. గోధుమ పెట్టినప్పుడు గీత పైకి, తీసేస్తే కిందికి. వినడానికి వికారంగా ఉండొచ్చు, ఈ రోజు గ్లూటెన్ ఫ్రీ అని రాసి అమ్మే ప్రతి డబ్బా వెనక ఆ తూకాలే ఉన్నాయి. 1950లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో డిక్కె సిద్ధాంత గ్రంథం ఆమోదం పొందింది. 1952లో బర్మింగ్‌హామ్ వైద్యబృందం గోధుమలోని గంజి నిర్దోషి అనీ, గ్లూటెనే దోషి అనీ తేల్చింది. డిక్కె 1962లో, 57 ఏళ్లకే పోయాడు.

ఈ కథ నేను చదవడానికి కారణం ఒక పిండిముద్ద.

మా పెద్దమ్మ కొడుకూ కోడలూ న్యూజెర్సీ నుంచి సెలవులకు నల్గొండ వచ్చారు. వాళ్ల పిల్లవాడికి సీలియాక్. వస్తూ వస్తూ హైదరాబాద్‌లో ఒక సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో దొరికిన గ్లూటెన్ ఫ్రీ కుకీ డో కొనుక్కొచ్చారు. వంద కిలోమీటర్ల దారిలో అది ఐస్ పెట్టెలో ఉండి కూడా మెత్తబడింది. నాకు ఇలాంటివాటి మీద కొంచెం వెటకారం ఉండేది. పిండి లేని పిండివంట ఏమిటని. లేబుల్ చదివితే తెలిసింది: మొదటి పదార్థం బియ్యప్పిండి. తర్వాత కర్రపెండలం గంజి, అంటే మన సగ్గుబియ్యం చేసేది. తర్వాత ఆలుగడ్డ గంజి, వెన్న, చక్కెర. చివర్లో ఇంత గ్జాంథన్ గమ్. రైస్ మిల్లులకు పేరుమోసిన మిర్యాలగూడ ఉన్న జిల్లాకు బియ్యప్పిండి ముద్దను డబ్బు పోసి మోసుకొచ్చామన్నమాట.

గమ్ ఎందుకంటే, గ్లూటెన్ చేసే పని ఎవరో ఒకరు చేయాలి. ఇది ఎవరింట్లోనైనా చూడొచ్చు. గోధుమపిండి ముద్ద కలిపి నల్లా కింద పట్టి పిసుకుతూ పోండి. తెల్లటి గంజినీళ్లు పోయి పోయి, చివరికి చేతిలో రబ్బరు ముక్క మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్. చపాతీ పొంగడానికీ, బ్రెడ్‌లో గాలి నిలవడానికీ అదే మూలం. జొన్నపిండితో ఇదే చేస్తే చేతిలో ఏమీ మిగలదు, అంతా నీళ్లపాలు. గ్జాంథన్ గమ్ ఆ బంక లోటు పూడుస్తుంది. క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చే సూక్ష్మజీవే దాన్ని తయారుచేసి పెడుతుంది. గ్లూటెన్ లేని బ్రెడ్ చేయడం చేయి తిరిగినవాళ్లకూ కష్టమే. కుకీ సులువు, అందులో బరువు మోసేది వెన్నా చక్కెరే.

సులువు అనుకుని మేం దెబ్బతిన్నాం. ఓవెన్ లేదు. పెద్ద కుక్కర్‌లో ఉప్పు పోసి, మూతకు వెయిటూ రబ్బరూ తీసేసి, లోపల పళ్లెం పెట్టాం. మెత్తబడ్డ ముద్దను అలాగే ఉండలు చేసి పెడితే అన్నీ కరిగి కలిసిపోయి ఒకటే పలక అయింది. మిగతా ముద్దను ఫ్రిజ్‌లో గట్టిపడేదాకా ఉంచి, ఉండకూ ఉండకూ మధ్య చోటు వదిలితే గుండ్రంగా, అంచులు ఎర్రగా వచ్చాయి. ముద్ద అలా ఆగితే బియ్యప్పిండి తడి పీల్చుకుంటుంది, పంటి కింద ఇసుక తగిలినట్టుండే గరుకు కూడా తగ్గుతుంది. పొయ్యి మీంచి దించగానే ముట్టుకుంటే ముక్కలవుతాయి. చల్లారాక చూడాలి. రుచికి వంక లేదు. ఖరీదు మాటకొస్తే, ఆ డబ్బా డబ్బుతో మా వీధి చివర బండి దగ్గర ఇంటిల్లిపాదికీ వారం రోజుల జొన్నరొట్టెలు వస్తాయి.

పిల్లలు పచ్చిముద్ద నాకబోతే కోడలు చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె భయం వట్టిది కాదు. 2009లో అమెరికాలో కుకీ డో పచ్చిగా తిని డెబ్బై మందికి పైగా ఈ-కోలై బారినపడ్డారు. పరిశోధకుల అనుమానం గుడ్ల మీదకు కాదు, పచ్చిపిండి మీదకు పోయింది. గోధుమ అయినా బియ్యం అయినా కాల్చని పిండి పచ్చి సరుకే.

మా పెద్దమ్మ ఈ తతంగమంతా పీట మీద కూర్చుని చూసి, "గింత తిప్పలెందుకు బిడ్డా? నాలుగు జొన్నరొట్టెలు కొడ్త, పాలు బెల్లం పోసి మలీద చేసి పెడ్త, తినడా?" అంది.

"తింటడు అత్తమ్మా. పిండి యాడ పట్టిచ్చిన్రు?"

"యాడేంది, మన గిర్నిల్నే."

"గిర్నిల గోధుమలు గూడ పడ్తరు గద అత్తమ్మా."

పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆ గిర్ని నేనూ చూశాను. పొద్దున్నుంచీ గోధుమలు పడుతూ ఉంటారు, మధ్యలో ఎవరో జొన్నలు తెస్తే అదే రాయిలో పోస్తారు. ముందు పడ్డ పిండి నాలుగు పిడికిళ్లు వెనకొచ్చినవాళ్ల డబ్బాలో పడుతుంది. మనకు అది లెక్కే కాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం. అమెరికాలోనూ అదే హద్దు. గిర్ని పిడికిలి ఈ హద్దును ఎన్ని రెట్లు దాటుతుందో లెక్కేసుకోండి. అంటే, పుట్టుకతోనే గ్లూటెన్ లేని జొన్న మన గిర్నికి పోయి గ్లూటెన్ అంటించుకొస్తుంది. డబ్బాలో వచ్చిన ముద్దకు ఆ అంటు లేదు. ఇక్కడ నా వెటకారం ఆగింది.

పెద్దమ్మ పట్టుదల మనిషి. జొన్నలు ఏరి, కడిగి, డాబా మీద ఆరబోసి, ఇంటి మిక్సీని వేడినీళ్లతో తోమించి, తనే పట్టింది. రెండుసార్లు జల్లించింది. మసిలే నీళ్లు పోసి గంటెతో కలిపి, చెయ్యి పట్టేంత చల్లారాక అరచేతి మడమతో మెదిపింది. బంక లేని పిండిని ముద్ద చేసేది ఆ ఉడుకునీళ్లే. జొన్నలోని గంజి సగం ఉడికి అతుక్కుంటుంది. చన్నీళ్లు పోస్తే రొట్టె అంచులు పగిలిపోతాయి. కర్ర పెట్టలేదు, అరచేత్తో కొడుతూ తిప్పుతూ పెంక అంత చేసింది. పెంక మీద వేసి పైన తడి గుడ్డతో నీళ్లు రాసింది. ఆ నీళ్లు ఆరీఆరకముందే తిరగేయాలి. గమ్ లేకుండా, లేబుల్ లేకుండా మా పాలమూరు, నల్గొండ ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న పని ఇది. పిల్లవాడు రొట్టె తిన్నాడు. కుకీ కూడా అడిగాడు. ఎనిమిదేళ్ల వాడికి పక్కింటి పిల్లలు తినేది తానూ తినాలని ఉండదా? ఆ డబ్బాకు నేనిచ్చే పూర్తి మార్కులు అక్కడే.

ఈ నేల మీద సీలియాక్ పేరు ఎందుకు వినపడలేదో చెప్పే లెక్క ఒకటుంది. దేశంలో మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2016లో రామకృష్ణ, మఖారియా తదితర వైద్యులు ప్రచురించారు. ఉత్తరాదిన నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్ ఆనవాళ్లయిన యాంటీబాడీలు కనిపించాయి. ఈశాన్యంలో 0.87. దక్షిణాదిన 0.10, అంటే వెయ్యికి ఒకరు. దక్షిణాది లెక్క తమిళనాడులోని వేలూరు ప్రాంతానిది. మన జిల్లాలది కాదు కానీ, అన్నం తినే దక్షిణాది ఇళ్లదే. ఈ జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ మూడోవంతు పైగా జనంలో కనిపించాయి. తేడా కంచంలో ఉంది. ఉత్తరాదిన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే దక్షిణాదిన 25 గ్రాములు. ఈశాన్యంలో తినేది 37 గ్రాములే అయినా జబ్బు తక్కువేం కాదు కనుక, తిన్న కొలతే సర్వస్వం అనీ అనలేం.

మన కంచం మారుతూ వస్తోంది. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు లేబర్ మూటలో జొన్నరొట్టె ఉండేది. 1967లో నాగార్జునసాగర్ కాలువల నీళ్లు వదిలాక నల్గొండ ఆయకట్టులో వరి పరుచుకుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట పల్లెల్లో కూడా గట్క, అంబలి వెనక్కిపోయి బువ్వ ముందుకొచ్చింది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి ఇంటింటి లెక్కలు రాసుకున్న పాలమూరు పల్లె అవురేపల్లిలో జొన్న, ఆముదం పండిన చేలలోకి పత్తి వచ్చింది. అన్నం దాకా గ్లూటెన్ బెడద లేదు. ఆ తర్వాత షుగర్ జబ్బు వచ్చింది. షుగర్ అనగానే రాత్రికి చపాతీ. ఇప్పుడు మా కాలనీలో రాత్రిపూట అన్నం వండే ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అలాగని జొన్నను నెత్తిన పెట్టుకుని ఊరేగనక్కర్లేదు. దానికీ చరిత్ర ఉంది. జొన్న ఒక్కటే తిని బతికిన దక్కన్ పేదల్లో చర్మం నల్లబడి పొట్టు లేచే పెల్లాగ్రా ఉండేది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడానికీ దానికీ సంబంధం ఉండొచ్చని హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా 1960లో చెప్పారు. పప్పూ ఆకుకూరా పక్కన లేని ఏ ధాన్యమైనా అంతే. చిరుధాన్యాల పేరుతో ప్రతి జబ్బుకూ కషాయం అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

పిల్లవాడు ఉన్నన్నాళ్లూ మా వంటింట్లో దొరికిన దొంగల్లో నాకు బాగా గుర్తున్నది ఇంగువ. పెద్దమ్మ పప్పుకు పోపు పెట్టబోతుంటే కోడలు డబ్బా తిప్పి చూపింది. బజార్లో దొరికే పొడి ఇంగువ ఒట్టి ఇంగువ కాదు. మైదానో గోధుమపిండో కలిపి చేసింది చాలా ఉంటుంది, కొన్నింట్లో బియ్యప్పిండి ఉంటుంది. పప్పులో, పులిహోరలో, చారులో ఎక్కడా గోధుమ లేదనుకుంటాం, చిటికెడు రూపంలో అన్నింట్లోనూ ఉంది. బలానికని పాలల్లో కలిపే మాల్టు పొడుల్లో బార్లీ, అందులోనూ గ్లూటెనే. జ్వరం మనిషికి ఇచ్చే బార్లీ నీళ్లు సరేసరి. చపాతీ ఒత్తిన పీట మీదే తపాలచెక్క తట్టినా చాలు. సకినాలు మాత్రం బియ్యప్పిండీ నువ్వులూ వామూ. పిండి ఇంట్లో పట్టి, కొత్త నూనెలో వేయిస్తే నిర్భయంగా పెట్టొచ్చు. వాళ్లు అమెరికా వెళ్లేప్పుడు పెట్టెలో కుకీల జాగాలో సకినాలే ఎక్కాయి.

జబ్బు లేనివాళ్లు గ్లూటెన్ ఫ్రీ డబ్బాల మీద డబ్బు తగలేయడం దండగ. అందులో చక్కెరా వెన్నా మామూలు కుకీలో ఉన్నంతే ఉంటాయి, ఒళ్లు తగ్గదు. జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఇదే మందు. ఈ రోజుకీ దీనికి మాత్ర లేదు, బతికినంతకాలం పథ్యమే.

ఇంట్లో పిల్లలకు ఎంత తిన్నా ఒళ్లు రాకపోయినా, నెలల తరబడి విరేచనాలు, పొట్ట ఉబ్బరం పీడిస్తున్నా, ఐరన్ మాత్రలు మింగించినా రక్తం పెరగకపోయినా, ఎవరో చెప్పారని చపాతీలు మాన్పించి చూడకండి. గోధుమ తింటూ ఉండగానే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి టీటీజీ రక్తపరీక్ష చేయించండి, ఆయన చెబితే ఎండోస్కోపీ కూడా. ముందే మానేస్తే రక్తంలో ఆనవాళ్లు చెరిగిపోతాయి, జబ్బు ఉన్నా లేదని రిపోర్టు వస్తుంది.